నానబెట్టిన పిడి

మార్చి 3, సోమవారం

డాక్టరమ్మ చెప్పిందని ఈ పుస్తకం మొదలుపెట్టాను. బీపీ మాత్ర ఒకటి పెంచి, రోజూ నాలుగు ముక్కలు రాసుకోమంది. కోపం వస్తే నోటితో అనేది చేత్తో రాసెయ్యాలట. చేతిలో సుత్తి ఉండగా కలం ఎక్కడ వెతుక్కోను అంటే నవ్వింది. ఆవిడకేం, నవ్వుతుంది.

సరే, రాస్తున్నాను. ఈ రోజు కోపం రాలేదు.

పొద్దున కొట్టు తెరిచేసరికి నిచ్చెన వచ్చి నిలబడి ఉన్నాడు. చెట్లు కొట్టేవాడు, అందులోనూ తాటిచెట్టంత పొడుగు, ఆ పేరు అలా ఉండిపోయింది. గొడ్డలి తల కొంచెం ఆడుతోందని తెచ్చాడు. అప్పటికే కొట్లో ఇద్దరున్నారు, ఒకాయన పారకి పిడి వేయించుకోవడానికి, ఒకాయన చెక్క చెక్కే బాడిస బాగుచేయించుకోవడానికి. వాళ్ళ ముందు ఆ గొడ్డలి నా బల్ల మీద పెట్టి, "మీ నాన్న వేసిన పిడి ఆరేళ్ళు కదల్లేదు చెల్లెమ్మా. నువ్వు వేసి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే తలాడిస్తోంది" అన్నాడు. అని నవ్వాడు. వాళ్ళిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"సాయంత్రం రా అన్నా, బిగించి పెడతా" అన్నాను.

సాయంత్రం వచ్చాడు, ఇచ్చాను. గాల్లో రెండుసార్లు ఊపి చూసుకుని "ఇదీ పనంటే" అని వెళ్ళిపోయాడు.

అంతే. కోపం రాలేదు.

మార్చి 4, మంగళవారం

ఎండ ముదిరింది. పదకొండింటికే పైన రేకులు చిటపటమంటున్నాయి.

మార్చి 5, బుధవారం

బావ వచ్చాడు. అక్క మొగుడు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన దగ్గర్నుంచి పొద్దున ఇంట్లో అక్కకి అడ్డం, మధ్యాహ్నం కొట్లో నాకు అడ్డం. ఈ మధ్య పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాస్తున్నాడు. ఇంగ్లీషు జాతీయాలు, వాటి అర్థం, అవి ఎక్కడ పుట్టాయో. ఇవాళ బల్ల ఎక్కి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడంటే నాకు అర్థమైంది, పాఠం మొదలని.

"మరదలా, నీ పని మీద జాతీయం ఒకటి దొరికింది. ఫ్లై ఆఫ్ ది హ్యాండిల్. పిడి నుంచి ఊడి ఎగరడం. అంటే ఏంటో చెప్పు."

"పిడి నుంచి ఊడి ఎగరడం."

"కోపం పట్టలేక ఉన్నట్టుండి పేలిపోవడం! మనం ఇంతెత్తున లేచాడంటామే, అదీ."

"నన్ను చూసి గుర్తొచ్చిందేంటి బావా?"

"నిన్ను చూస్తే ఇదొక్కటేనా, సగం పుస్తకం గుర్తొస్తుంది."

మామూలుగా అయితే చేతిలో ఉన్నది అటు విసిరేదాన్ని. రెండు నెలల కిందట అలా విసిరే కదా, నా దగ్గర పనిలో ఉన్న ముసలాయన జీతం లెక్క చూసుకుని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇవాళ విసరలేదు.

ఆ మాట పుట్టి దాదాపు రెండొందల ఏళ్ళయిందట. సముద్రాల అవతల అడవులు నరుక్కుంటూ, అక్కడే ఇళ్ళు వేసుకుంటూ పోయిన జనం. గొడ్డలి తల దూరం నుంచి తెప్పించుకునేవాళ్ళు, పిడి మాత్రం ఎవరికి వాళ్ళు చెక్కుకునేవాళ్ళు. కుదిరీ కుదరని పిడి. మంచి ఊపులో ఉండగా తల ఊడి ఎటో ఎగిరేది. అదిగో, అలా ఎగిరేవాడే కోపిష్టి.

"పుస్తకాల్లో అలా రాశారు. నాకు నమ్మకం కుదరట్లేదు. నిజంగా ఊడుతుందా? ఎందుకు ఊడుతుంది?"

చెప్పాను. పిడి పైకొసని చీల్చి, గొడ్డలి కన్నంలోకి దింపి, ఆ చీలికలోకి గట్టి చెక్కముక్క దిగ్గొడతాం. అదే బిగువు. చెక్క ఎండి కుంచించుకుపోతే బిగువు పోతుంది.

"ముందు తెలుస్తుందా?"

"కొంచెం ఆడుతుంది."

"ఎంత ముందు?"

"చెప్పలేం."

"ఏ వైపు పోతుంది?"

"ఊపు ఎటుంటే అటు."

"ఆహా" అని రాసుకున్నాడు. పనుంది, ఇంటికెళ్ళండి బావా అన్నాను.

ఒకటి మాత్రం ఆయనకి చెప్పలేదు. వదులైన పిడిని తలతో సహా బకెట్లో నానబెడితే చెక్క ఉబ్బుతుంది. పొద్దున పెడితే సాయంత్రానికి ఎవరొచ్చి లాగినా కదలదు. కానీ ఎండ తగిలితే ఉబ్బు దిగిపోయి ముందు కంటే వదులవుతుంది. వారం, ఎండాకాలమైతే ఇంకా ముందే. ఇంట్లో వాడుకునే సుత్తికి కూడా నాన్న ఆ పని చేయనిచ్చేవాడు కాదు.

సోమవారం నేను చేసింది అదే. ఇందులో దాచడానికేముంది, పని మీద పని పడింది. పాత చెక్కముక్క తొలిచి, కొత్తది చెక్కి దిగ్గొట్టాలంటే గంట పడుతుంది. టైము లేదు.

మార్చి 6, గురువారం

నిచ్చెన కనిపించాడు. కొట్టు ముందు సైకిలు ఆపి, కాలు నేల మీద ఆనించి, "చెల్లెమ్మా, బ్రహ్మాండం! ఇనప ముక్కలా ఉంది!" అని అరిచాడు. గొడ్డలి గోనె గుడ్డలో చుట్టి వెనక కట్టి ఉంది. నాకూ దానికీ మధ్య పది అడుగులు. నేను లేచాను కూడా. "అన్నా, అదొకసారి ఇలా ఇవ్వు, చిన్న పని మిగిలింది" అంటే చాలు. అబద్ధం కూడా కాదు.

అనబోతుంటే పక్కనే ఉన్న టైర్ల కొట్టాయనతో, "తండ్రిని మించిపోయింది ఈవిడ, రాసిపెట్టుకో" అన్నాడు. అది విన్నాక సైకిలు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం ఇద్దరు తోటమాలులు వచ్చారు. నిచ్చెన పంపాడట.

నాలుగింటికి ఆస్పత్రి బండి కూత పెట్టుకుంటూ పోయింది. అది ఏ వైపు పోతుందో చూడ్డానికి రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. స్కూటరాయన తిట్టాడు. తిరిగి ఒక్క మాట అనలేదు, నాకే ఆశ్చర్యం.

మార్చి 7, శుక్రవారం

ఉపాయం తట్టింది. పనిముట్ల పిడులు ఈ వారం ఊరికే చూసి పెడతామని బోర్డు పెడతాను. అందరితో పాటు అతనూ వస్తాడు. తీసుకుని మంచి చెక్కముక్క వేసి ఇచ్చేస్తాను. ఎవరికీ తెలియదు, ఎవరికీ ఏమీ కాదు.

బోర్డు బావ చేత రాయించాను. "ధర్మాసుపత్రి తెరిచావేంటి మరదలా, ఒంట్లో బాగుందా?" అన్నాడు. రాస్తూ రాస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు, ఊడిన తల ఎంత దూరం పోతుందీ అని. నాకు తెలియదన్నాను. నాన్న ఉన్నప్పుడు ఒకసారి గోడ దాటి పక్కింటి దొడ్లో పడింది.

మార్చి 8, శనివారం

నలభై ఒక్క పనిముట్లు. పారలు, గొడ్డళ్ళు, సుత్తులు, ఒకావిడ చీపురు కూడా తెచ్చింది. బావ కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఆడించి చూస్తూ సంబరపడ్డాడు. భుజాలు పడిపోయాయి నాకు.

నిచ్చెన రాలేదు. అతనితో పనిచేసేవాడొకడు వస్తే, మాటల్లో అడిగినట్టు అడిగాను.

"వాడెందుకొస్తాడమ్మా? వాడిది పిడిలా ఉందా, రాయిలా ఉందని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు."

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

మార్చి 9, ఆదివారం

కొట్టు లేదు. పొద్దున్నుంచీ ఎండ వైపే చూస్తున్నాను. ఎక్కడ ఏం ఆరేసినా గంటలో గలగలమంటోంది. నా లెక్క ప్రకారం ఇవాళో రేపో.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకుంటున్నాను. ఏం మనిషిని నేను?

సోమవారం టైముంది. పార పిడి పదకొండింటికి అయిపోయింది, బాడిస పన్నెండింటికి. తర్వాత సాయంత్రం దాకా పేపరు చదివాను, జిల్లా ఎడిషను కూడా వదలకుండా. బకెట్లోంచి తీశాక నీటి చెమ్మ కనపడకూడదని నూనె గుడ్డతో రుద్దాను. తొందరలో ఉన్న మనిషి అలా రుద్దదు.

కోపం రాలేదని రాశాను. కోపం నషాళానికంటింది. నాన్న పోయి మూడేళ్ళు, ఈ మూడేళ్ళలో నాన్న పేరెత్తి నన్ను దెప్పని మొహం లేదు. అరిచి ఉంటే అక్కడితో పోయేది. డాక్టరమ్మ అరవొద్దంది కదా అని నవ్వి, ఆ నవ్వుతోనే బకెట్ నింపాను. చెట్టు దగ్గర నలుగురిలో వాడి గొడ్డలి తల జారి కాళ్ళ దగ్గర పడాలి, వాడు సిగ్గుపడాలి, అంతే అనుకున్నాను. జారి కింద పడుతుందనే అనుకున్నాను. ఎగురుతుందని నాకు తెలియదా? పదిహేనేళ్ళ నుంచి పిడులు వేస్తున్నదాన్ని.

రేపు వెళ్ళి చెప్పేస్తాను.

మార్చి 10, సోమవారం

వరసగా రాయాలి.

పొద్దున బావ వచ్చాడు. జాతీయం రాసేశాను, విను అన్నాడు. అర్థం, పుట్టుక, అన్నీ చదివాడు. చివర తన మాట ఒకటి కలిపాడు: ఊడిన తల కోపం తెప్పించినవాడి మీదే పడాలని లేదు, ఆ సమయానికి ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది, అందుకే ఈ పోలిక కోపానికి ఇంత బాగా కుదిరింది అని. "బాగుందా?" అన్నాడు. నేను చేతిలో పని వదిలేసి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?"

"నిచ్చెన దగ్గరికి. గొడ్డలి చూడాలి."

"నేనూ వస్తా. ఊపు ఎటుంటుందో కళ్ళతో చూడాలి నేను."

వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకని అడుగుతాడు.

పోస్టాఫీసు వెనక వీధిలో ఉన్నారు. పెద్ద కొమ్మ అడ్డంగా పడి ఉంది. నిచ్చెన తాడు చుట్టుకుంటున్నాడు. గొడ్డలి అతని పెళ్ళాం చేతిలో ఉంది. చెట్టెక్కి రంపంతో కోసేది అతను, కింద పడ్డదాన్ని ముక్కలు చేసేది ఆవిడ. ఇన్నేళ్ళూ కొట్టుకి తెచ్చేది అతనే కాబట్టి అతనిదే అనుకున్నాను. ఆ గొడ్డలి ఆవిడది.

"వదినా, రండి రండి" అంది చెమట తుడుచుకుంటూ. "పొద్దున్నుంచీ కొంచెం కదులుతున్నట్టుంది. ఈ మొద్దు అయ్యాక మీ కొట్టుకే పంపుదామనుకున్నాం."

"ఇప్పుడే ఇవ్వు."

"ఇంకో పది దెబ్బలే వదినా. కట్టెలెత్తే బండి వచ్చేస్తుంది."

ఒక్క మాట. నానబెట్టిన పిడి అది, కొట్టకు. ఇంతే చెప్పాల్సింది. అప్పుడు నిచ్చెన వెనక నుంచి, "చూశావా, తన పని తనే చూసుకుని మురిసిపోడానికొచ్చింది మా చెల్లెమ్మ" అని నవ్వాడు. ఆ నవ్వు వినగానే నా గొంతు మారిపోయింది. పిడి పట్టుకుని గుంజాను. "చెప్తే బుర్రకెక్కదా? పనిముట్టు పట్టుకోవడం వచ్చా అసలు నీకు? ఇవ్వమంటే ఇవ్వు!" అని వీధి మొత్తం వినేలా అరిచాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఎవర్ని పట్టుకుని అరుస్తున్నావు? నీ కొట్లో పనిమనిషిననుకున్నావా?" అని నా చేతిలోంచి లాక్కుంది. కోపంగా, నా వైపు చూస్తూనే, రెండు చేతులా పైకెత్తి మొద్దు మీద వేసింది.

దెబ్బ పడలేదు. ఆవిడ చేతిలో పిడి ఒక్కటే ఉంది.

బావ మొద్దుకి అటు కొసన నిలబడి ఉన్నాడు, కాగితం పట్టుకుని. అరవలేదు. మెల్లగా కూర్చుండిపోయాడు. మోకాలి కింద ప్యాంటు తడిసిపోతుంటే దాని వైపు ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

మార్చి 11, మంగళవారం

ఆపరేషను అయింది. ఎముక రెండు చోట్ల విరిగింది. పాదం వేళ్ళు కదలడం లేదు. గాయం చీము పడుతుందా లేదా మూడు రోజులు చూడాలన్నారు, చీము పడితే ఏం చేస్తారో పెద్ద డాక్టరు చెప్పలేదు, అక్క అడగలేదు.

వరండాలో నిచ్చెన పెళ్ళాన్ని అక్క నోటికొచ్చినట్టు అంది. "కోపం అణుచుకోలేనిదానివి చేతిలో గొడ్డలెందుకే నీకు?" అంది. ఆవిడ తలెత్తలేదు.

నేను ఏమీ అనలేదు.

మార్చి 12, బుధవారం

మందులు తెచ్చాను. అక్కకి తినడానికి ఏదో తెచ్చాను, తినలేదు. చెట్లు కొట్టించే కాంట్రాక్టరు నిచ్చెననీ పెళ్ళాన్నీ పని మానిపించాడట, ఒళ్ళు తెలియని కోపంతో గొడ్డలి విసిరే మనిషిని పెట్టుకోలేనన్నాడట. విసరలేదు అని కూడా ఎవరూ అనలేదు.

నేను ఏమీ అనలేదు.

మార్చి 13, గురువారం

బావకి జ్వరం. మధ్యాహ్నం కాసేపు తెలివిగా ఉన్నాడు. అక్క బయటికెళ్ళింది. నా వైపు తిరిగి, "అంత పరుగున వెళ్ళావే మరదలా. ఆడుతోందని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"అనుమానం వచ్చింది బావా."

"అనుమానమా" అని కళ్ళు మూసుకున్నాడు. ఇన్ని రోజులు ప్రశ్న మీద ప్రశ్న వేసిన మనిషి మళ్ళీ అడగలేదు. అడుగుతాడేమోనని మంచం పక్కనే కూర్చుని, దుప్పటి కింద ఆయన కాలున్న చోటే చూస్తూ ఉన్నాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆవిడ కోపంలో కొట్టింది, తల ఊడింది, అందరూ చూశారు. పిడి వదులైంది పాతబడి. నా మీద ఒక్క వేలు కూడా లేవదు. ఇలా అనుకుంటే నిద్ర పడుతుందనుకున్నాను.

మార్చి 14, శుక్రవారం

నాలుగింటికి, చూడనిచ్చే టైములో వెళ్ళాను. వార్డు తలుపు పక్కన నిచ్చెన, పెళ్ళాం నేల మీద కూర్చుని ఉన్నారు. రోజూ వస్తున్నారట, లోపలికి రానివ్వకపోయినా. అక్క ఎదురు బెంచీ మీద, వాళ్ళ వైపు చూడకుండా.

నన్ను చూడగానే ఆవిడ లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ మాట వినుంటే ఇంత జరిగేది కాదు వదినా. కాపాడదామనే పరిగెత్తుకొచ్చావు. నా పాడు కోపం కళ్ళు కప్పేసింది. ఆ కాలు పోతే ఆ పాపం నాదే" అని ఏడ్చింది.

"విన్నావుగా, దాని నోటితోనే ఒప్పుకుంటోంది" అంది అక్క నాతో.

ఆవిడ అరచేతులు కాయలు కాసి గరుకుగా ఉన్నాయి, నావి ఎలా ఉంటాయో అలాగే. విడిపించుకోవాలని చూశాను, వదల్లేదు.

"నానబెట్టాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. నిచ్చెనకి అయింది. మెల్లగా పైకి లేచాడు. "నీళ్ళలోనా?"

"సోమవారం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

"చెక్కముక్క వెయ్యలేదా?"

"లేదు."

అతను నా మొహం చూశాడు. చిన్నపిల్లకి మాట అందించినట్టు, "పని ఎక్కువై మర్చిపోయి ఉంటావు చెల్లెమ్మా" అన్నాడు. ఎంత మంచివాడో చూడు. అవునంటే సరిపోయేది, నాకు తెలుసు.

"మర్చిపోలేదన్నా. నువ్వు నవ్వావని."

ఆవిడ నా చేతులు వదిలేసింది.

అక్కకి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. బకెట్, నూనె గుడ్డ, బోర్డు, అన్నీ. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నేను ముగించాక లేచి, నిచ్చెన పెళ్ళాన్ని భుజం పట్టి నడిపించి, తన బెంచీ మీద కూర్చోబెట్టింది. కొంగుతో ఆవిడ మొహం తుడిచింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"అది ఊడుతుందని నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఇచ్చిన రోజు నుంచీ."

"ఆ వారంలో నాలుగు రోజులు ఆయన నీ కొట్లో కూర్చున్నాడే. అది ఎలా ఊడుతుందో చెప్పమని నిన్నే అడిగాడే."

"అవునక్కా."

అక్క గొంతు పెంచలేదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అరుపు నాదే, అక్కది ఎప్పుడూ వినలేదు. ఇవాళైనా అరుస్తుందేమోనని, అరిస్తే బాగుండునని, చూడనిచ్చే టైము అయిపోయి ఆయా వచ్చి బయటికి పంపేదాకా అక్కడే నిలబడ్డాను.